తెరమీద మన చెరువు

విద్యార్థులారా! కథ యనిన చెవి కోసికొనని వారుందురా? అమ్మమ్మ చెప్పిన కథను మనము పుస్తకమున చదివి వల్లె వేయలేదు. అయినను దానిని మరచిపోము. కథలోని మాట, చెప్పువారి గొంతు, వినువారి యూహలో కదలాడు బొమ్మ, ఈ మూడును కలిసి మనస్సున నాటుకొనుటయే దానికి కారణము.

బొమ్మను చూపుచు కథ చెప్పు విద్య మనవారికి క్రొత్తది కాదు. తెలంగాణమున, నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలయందు నకాషీ చిత్రకారులు గుడ్డకు గంజియు, చింతగింజల జిగురును, తెల్లమట్టియు పట్టించి, దానిమీద పురాణగాథలను వరుసగా చిత్రించుచు వచ్చిరి. ఆ పొడవైన పటమును వ్రేలాడగట్టి, ఒక్కొక్క బొమ్మను చూపుచు, పాడుచు, మాటలాడుచు కథకులు రాత్రులు కథ నడిపెడివారు. ముదిరాజులకు కాకిపడగలవారును, పద్మశాలీలకు కూనపులివారును ఇట్లు వారి వారి కులపురాణములను వినిపించుట ఆచారము. పటమెంత యందముగా నున్నను, కథకుడు నోరు విప్పిననే జనులు కదలక కూర్చుండెడివారు.

నేడు పటముండు చోట తెర వచ్చినది. ఒకరు తమ యనుభవమును తమ గొంతుతోనే చెప్పగా, దానికి ఛాయాచిత్రములను, గీసిన బొమ్మలను, తగిన ధ్వనులను జోడించి, కంప్యూటరుమీదగాని సెల్‌ఫోనుమీదగాని రెండు మూడు నిమిషముల వీడియోగా కూర్చుటను డిజిటల్ కథనమందురు. ఈ పద్ధతికి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున రూపమేర్పడెను. డేనా ఆచ్లీ అను కళాకారుడు 1990 ప్రాంతమున, తెరమీద చలిమంట బొమ్మ మండుచుండగా దానిప్రక్కన కూర్చుండి, తన పాత చిత్రములను చూపుచు తన జీవితకథలను ప్రేక్షకులకు చెప్పెను. ఆయనయు, నాటకరంగమునకు చెందిన జో లాంబర్టును, నీనా మల్లెన్ అను నామెయు కలిసి 1994లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఒక కేంద్రమును నెలకొల్పి, సామాన్యులకు ఈ విద్యను నేర్పసాగిరి. ఆ కేంద్రము 1998లో బర్క్‌లీ పట్టణమునకు మారెను. 2015 నుండి దానికి స్టోరీసెంటర్ అను పేరు వచ్చెను. బ్రిటనులో బి.బి.సి. సంస్థ 2001లో వేల్సు దేశమున ఇట్టి శిబిరములను ప్రారంభించి, 2008 వరకు ఊరూర నడిపెను. గని కార్మికులు, గృహిణులు, వృద్ధులు తమ కథలను తామే చెప్పుకొనిరి.

మంచి డిజిటల్ కథకు ఏడు అంగములుండవలెనని లాంబర్టు బోధించెను. చెప్పువాని స్వంత దృష్టి, వినువానిని చివరివరకు నిలుపు ప్రశ్న, హృదయమును తాకు విషయము, చెప్పువాని గొంతు, తగిన ధ్వని, మితభాషణము, కథకు తగిన నడక అనునవి ఆ యేడు. వీనిలో యంత్రమును గూర్చిన మాట ఒక్కటియు లేకుండుటను గమనింపుడు.

ఈ విద్య తరగతిలో ఎట్లు సాగునో, దానిని నేర్చుకొను ఉపాధ్యాయులు ఎట్టి చిక్కుల నెదుర్కొందురో తెలిసికొనుటకై ఒక కల్పిత వృత్తాంతమును చూతము.

1986 నాటి జాతీయ విద్యావిధానము తరువాత జిల్లా విద్యా శిక్షణ సంస్థలు వెలసినవి. వీనినే వాడుకలో డైట్‌లందురు. అట్టి సంస్థలో రెండవ సంవత్సరము చదువుచున్న ఒక ఛాత్రోపాధ్యాయిని బోధనాభ్యాసమునకై వరంగల్లు ప్రాంతమున ఒక పల్లెటూరి పాఠశాలకు పోయెను. ఏడవ తరగతి వారికి చెరువులను గూర్చిన పాఠము చెప్పుట ఆమె వంతు వచ్చెను.

ఆ ప్రాంతమునకు చెరువులే ప్రాణము. పాకాల, రామప్ప చెరువులు కాకతీయుల కాలమునాటివి. పై చెరువు నిండి మత్తడి దూకిన నీరు క్రింది చెరువునకు, అచటినుండి మఱియొక చెరువునకు చేరునట్లు మన పెద్దలు గొలుసుకట్టుగా చెరువులను నిర్మించిరి. ఈ విషయమంతయు పిల్లలకు కన్నులకు కట్టినట్లు చూపవలెనని ఆమె సంకల్పించెను. మూడు రాత్రులు నిద్ర మాని, నాలుగు నిమిషముల వీడియోను తయారు చేసెను. అందులో పెద్ద పెద్ద జలాశయముల చిత్రములున్నవి. రంగురంగుల అక్షరములు తిరుగుచు వచ్చును. మూలనొక చేప ఎగిరిపడుచుండును. మొదటినుండి తుదివరకు ఉత్సాహకరమైన వాద్యసంగీతము మ్రోగుచుండును.

పిల్లలు చప్పట్లు కొట్టిరి. మఱల చూపుమని కోరిరి. ఆమెకు కలిగిన యానందమింతింత కాదు.

మఱునాడు తరగతిలో ఆమె, "చెరువులోని నీరు పొలమునకు ఎట్లు పోవును?" అని యడిగెను. ఒక బాలుడు లేచి ఎగిరిన చేపను గూర్చి చెప్పెను. ఇద్దరు వీడియోలోని రాగమును కూనిరాగము తీసిరి. తూమును గూర్చి ఒక్కరును పలుకలేదు. ఆనాడు శిక్షణ సంస్థనుండి వచ్చిన అధ్యాపకుడు వెనుకబల్లమీద కూర్చుండి యంతయు చూచుచుండెను. తరగతి ముగిసిన పిదప ఆయన మృదువుగా, "అమ్మా! నీ వీడియోలోని చెరువు ఏ యూరిది?" అని ప్రశ్నించెను. ఆమె యేమియు చెప్పలేకపోయెను. "బొమ్మలు చాల ఉన్నవి. చెప్పువారెవరో తెలియకున్నది. ఈ బడి కిటికీనుండి చూచినచో చెరువుకట్ట కనబడుచున్నదిగదా!" అని పలికి ఆయన వెడలిపోయెను.

ఆమె ఆ రాత్రి మనోవిజ్ఞానమునకు సంబంధించిన తన పాఠ్యాంశములను మఱల చదివెను. అమెరికా శాస్త్రజ్ఞుడు రిచర్డ్ మేయర్ ఈ విషయమును ఏండ్ల తరబడి పరిశోధించెను. ఒక్క మాటతో చెప్పినదానికంటె మాటయు బొమ్మయు కలిపి చెప్పినది బాగుగా బోధపడునని ఆయన కనుగొనెను. అయితే విషయముతో పొత్తులేని సంగీతము, వింత వింత చిత్రములు చేర్చినకొలది గ్రహణము తగ్గునని కూడ ఆయన ప్రయోగములు తెలిపినవి. మన మనస్సు ఒకేసారి మోయగల బరువు కొంచెమే. ఆ కొంచెమును ఎగురు చేప ఆక్రమించినచో తూమునకు చోటు దొరకదు.

తరువాతి వారమున ఆమె సెల్‌ఫోనును బల్లసొరుగులో నుంచి, పిల్లలను చెట్టుక్రింద గుండ్రముగా కూర్చుండబెట్టెను. చెరువుతో తనకు గల సంబంధమును గూర్చి ఒక్కొక్కరు ఒక సంగతి చెప్పవలెను, చెప్పుచుండగా ఇతరులు మధ్య మాటలాడరాదు, ఇదియే నియమము. ఒకడు ఎనుములను కడుగపోయి ఈత నేర్చిన సంగతి చెప్పెను. ఒక బాలిక బతుకమ్మను నీట విడిచిననాడు తన చెల్లెలు ఏడ్చిన సంగతి చెప్పి అందరిని నవ్వించెను. చివర కూర్చున్న బాలిక వంతు వచ్చినప్పుడు ఆమె తల వంచుకొని, "నాకు కథ లేదు, టీచర్!" అనెను. ఛాత్రోపాధ్యాయిని ఆమెను బలవంతపెట్టలేదు.

రెండు దినములు గడచినవి. ఆ బాలిక బడి విడిచిన తరువాత ఒంటరిగా నిలిచి, తన నోటుపుస్తకమును టీచరునకు అందించెను. అందులో నాలుగు పంక్తులే యున్నవి. తన తాత ఆ యూరి నీరటి యనియు, ఒక వానకాలపు రాత్రి కట్టకు బుంగ పడినదనియు, తాత తూము నెత్తెననియు, నాటినుండి ఊరిలో కొందఱు తాతతో మాటలాడరనియు వ్రాసియుండెను.

చెరువునీటిని పొలములకు వంతుల ప్రకారము విడుచువానిని నీరటి యందురు. ఆ రాత్రి చెరువు నిండి మత్తడి దూకుచుండెను. వాన వెలియలేదు. లాంతరుతో కట్ట చూడబోయిన నీరటికి కట్ట వెలుపలి యంచున బురదనీరు చిమ్ముచు కనబడెను. తేటనీరు ఊరినచో అంత భయము లేదు. బురదనీరు వచ్చినచో లోపల కట్టమన్ను కోసికొనిపోవుచున్నదని యర్థము. ఆలసించిన కట్ట తెగి ఊరు కొట్టుకొనిపోవును. అతడు కేకలు వేసి ఊరివారిని లేపెను. నీటి ఒత్తిడి తగ్గుటకై తూము షట్టరును పూర్తిగా పైకెత్తెను. జనులు తెల్లవారువరకు ఇసుకబస్తాలు వేసి బుంగను పూడ్చిరి. కట్ట నిలిచెను. కాని అప్పుడే నాటిన వరిమడులు తూమునీటిలో మునిగి, కొన్ని కుటుంబముల పంట కుళ్లిపోయెను. అతడు ఊరిని రక్షించెనని సగము మంది యనిరి. తొందరపడి తమ నోటికాడి కూడు పడగొట్టెనని తక్కిన సగము మంది యనిరి.

ఛాత్రోపాధ్యాయినికి ఇది గొప్ప కథ యని తోచెను. భయము కూడ వేసెను. ఏలయన, మడులు మునిగిన కుటుంబములలో ఒకదాని బాలుడు అదే తరగతిలో మొదటిబల్లమీద కూర్చుండువాడు. ఆమె కొంత ఆలోచించి, "మడుల సంగతి వదలివేసి, మీ తాత ఊరిని కాపాడినంతవరకు చెప్పుదమా?" అని యడిగెను. ఆ బాలిక తలయెత్తి, "అప్పుడది మా తాత కథ యెట్లగును, టీచర్?" అని ప్రశ్నించెను.

ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము లేదు. కథ ఎవరిదో వారి యనుమతి లేక దానిని తెరమీదికి తెచ్చుట తగదని ఆమె గ్రహించెను. ఆ సాయంకాలము ఇద్దరును నీరటి యింటికి పోయిరి. ముసలివాడు నులకమంచముమీద కూర్చుండి చాలసేపు మౌనముగా నుండెను. పిదప, "చెప్పుకొండి, పంతులమ్మా! కాని మునిగిన మడుల సంగతి విడువవద్దు. ఆ యేడు వారికి గింజ లేదు. అది కూడ నిజమే" అనెను. మఱునాడు ఛాత్రోపాధ్యాయిని మొదటిబల్ల బాలుని పిలిచి విషయమంతయు చెప్పెను. అతడు తన నాయనమ్మ నడిగి వచ్చెదననెను. రెండవదినమున అతడు నాయనమ్మ మాటలను ఒక కాగితముమీద వ్రాసి తెచ్చి, "ఈ భాగమును నేను చెప్పుదును" అనెను.

ఇక పని యారంభమయ్యెను. మొదట వ్రాత. వేల్సు శిబిరములలో ఒక కథకు సుమారు 250 ఆంగ్లపదములును, పండ్రెండు చిత్రములును చాలునని నియమము. మన తెలుగు మాటలు దీర్ఘములు గావున 150 మాటలకు మించరాదని తరగతి నిర్ణయించెను. వ్రాసినది 400 మాటలైనది. బొమ్మ చెప్పగలదానిని మాటతో చెప్పనక్కరలేదని తెలిసిన కొలది వాక్యములు తగ్గినవి. "చీకటిగా నుండెను, వాన కురియుచుండెను" అను మాటలు పోయినవి. వాటికి బదులు నల్లని బొమ్మయు, వానచప్పుడును వచ్చినవి.

తరువాత చిత్రములు. తూమును, మత్తడిని, కట్టను పిల్లలు సెల్‌ఫోనుతో తీసిరి. లాంతరు పట్టుకొనిన తాత చేతిని మనుమరాలే తీసెను. ఆ రాత్రికి మాత్రము ఛాయాచిత్రము లేదు. ఒక బాలుడు, "కోరిన బొమ్మను కల్పించియిచ్చు కృత్రిమమేధ యున్నదిగదా! వరదబొమ్మ నడుగుదము" అనెను. ఛాత్రోపాధ్యాయిని ఆ మాటను తరగతి ముందుంచెను. చర్చ జరిగెను. అట్టి బొమ్మ ఛాయాచిత్రమువలె నుండును. చూచినవారు అది ఆ రాత్రి తీసినదే యని నమ్ముదురు. జరిగినదానిని చెప్పు కథలో జరుగనిదానికి సాక్ష్యము పుట్టించినట్లగునని ఒక బాలిక వాదించెను. చివరకు బొగ్గుతో గీసిన బొమ్మలను వాడిరి. గీసిన బొమ్మ తాను గీసిన బొమ్మనే యని చెప్పకయే చెప్పును.

పిదప గొంతు. తలుపులు మూసి, పంకా నాపి, సెల్‌ఫోనును నోటికి జానెడు దూరమున నుంచి మాటలను పట్టిరి. బాలిక మొదట పాఠము నప్పగించినట్లు చదివెను. టీచరు కాగితమును తీసికొని, "నీ స్నేహితురాలికి చెప్పినట్లు చెప్పుము" అనెను. మూడవసారి ఆమె గొంతు నిజమైనదయ్యెను. "మా తాత తూము నెత్తినాడు" అను చోట ఆమె ఒక క్షణము ఆగెను. ఆ నిశ్శబ్దమును తొలగింపవద్దని పిల్లలందరును కోరిరి. వాద్యసంగీతమును పెట్టలేదు. వానచప్పుడు, కప్పల అరపు, నీటి మ్రోత, ఇంతే.

కథ రెండు నిమిషముల నలువది సెకనులు వచ్చెను. దానిని తరగతిలో, ఆ రెండు కుటుంబముల సమక్షమున చూపిరి. అంతర్జాలమున నుంచలేదు, తాత యిచ్చిన యనుమతి బడివరకే గదా! ముసలి నీరటి గుమ్మముకడనే నిలుచుండి చూచెను. మొదటిబల్ల బాలుని నాయనమ్మ చివరివరకు కదలలేదు. తెర ఆరిన తరువాత ఆమె లేచి, "ఆ యేడు జొన్నగట్క తిని బ్రదికితిమి. అది కూడ చెప్పినారు" అని, నీరటివైపు ఒకసారి చూచి వెడలిపోయెను. వారిరువురును ఆనాడు మాటలాడుకొనలేదు. ఇన్నేండ్ల సంగతి రెండు నిమిషములలో తీరునా?

మఱునాడు ఛాత్రోపాధ్యాయిని ముందటి ప్రశ్ననే యడిగెను. ఈసారి చేతులు లేచినవి. తూము కట్ట అడుగున నుండుననియు, మత్తడి చెరువు నిండుమట్టమున నుండుననియు, అందుచే మత్తడి నీరు దానంతటదియే పోవుననియు, తూమునీటిని మనిషి విడువవలెననియు పిల్లలు చెప్పిరి. బురదనీటికిని తేటనీటికిని గల భేదమును చివరిబల్ల బాలిక నల్లబల్లమీద బొమ్మ గీచి వివరించెను. అంతటితో నాగక తరగతి ఇంకొక ప్రశ్నను తానే వేసికొనెను: తూము నెత్తుటకు ముందు మడుల రైతులకు కబురు చేయ వీలుండెనా? దీనికి పాఠ్యపుస్తకమున సమాధానము లేదు. ఆనాటి గంట చాలలేదు.

బోధనాభ్యాసము ముగిసిన పిదప ఆమె తన దినచర్య పుస్తకమున నిట్లు వ్రాసికొనెను: "వీడియో కూర్చుట మూడు దినములలో నేర్చితిని. పిల్లవాడు చెప్పువరకు వేచియుండుట నేర్చుటకు మూడు వారములు పట్టినది. కథను అందముగా కత్తిరించు కత్తెర నా చేతిలో నున్నప్పుడు, దేనిని కత్తిరింపరాదో కథ గలవారి నడిగి తెలిసికొనవలెను."

విద్యార్థులారా! నేడు పెక్కు ఇండ్లలో సెల్‌ఫోను కలదు. బొమ్మ తీయుట, గొంతు పట్టుట మీకు నేర్పనక్కరలేదు. మీ యూరి బావికి, చెరువునకు, మగ్గమునకు, సంతకు ఒక్కొక్క కథ కలదు. దానిని చూచినవారు మీ యింటనే వృద్ధులై యున్నారు. వారికడ కూర్చుండి వినుడు. వారొప్పినంతవరకు, జరిగినది జరిగినట్లు, మీ గొంతుతో చెప్పుడు. వారి జ్ఞాపకము వారితోనే మాసిపోకుండ కాపాడినవారగుదురు.

అభ్యాసము

1. చేర్యాల పటకథకును డిజిటల్ కథకును గల పోలిక లెవ్వి?
2. ఛాత్రోపాధ్యాయిని చేసిన మొదటి వీడియోవలన పిల్లలు పాఠము నేల గ్రహింపలేకపోయిరి?
3. వరదబొమ్మను కృత్రిమమేధచే చేయింపక బొగ్గుతో గీయుటకు కారణమేమి? మీరు దానితో ఏకీభవింతురా?
4. నీరటి చేసినది సరియైన పనియేనా? ఇరుపక్షముల వాదములను వ్రాయుడు.
5. మీ యింటి పెద్దల నడిగి, మీ యూరి కథ నొకదానిని 150 మాటలలో వ్రాయుడు.